విషమును విఱిచెడు మట్టిజీవులు

గడచిన కార్తికమాసమున తొమ్మిదవ తరగతికి సామాన్యశాస్త్ర పాఠము చెప్పుచుండగా, వెనుకబల్లపై కూర్చున్న యొక బాలుడు లేచి నిలిచెను. అతని తండ్రి మన బరంపురమునకు ఆవల కౌలుభూమిలో వంగతోట వేయుచున్నాడు. "మాస్టారూ, మందు కొట్టిన తరవాత అది ఎక్కడికి పోతుందండీ?" అని యతడు అడిగెను. తరగతిలో కొందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఏలయన ఆ ప్రశ్నకు సరియైన సమాధానము వెదకుటకు శాస్త్రజ్ఞులు ఏబది యేండ్లకు పైగా శ్రమపడుచున్నారు. ఆ శ్రమలోని తొలి మెట్లలో కొన్ని మన ఒడిశా రాష్ట్రమునందే, కటకములో, పడినవి. ఇంతలో గంట కొట్టుటచే ఆనాడు సగము చెప్పి విడిచితిని. మిగిలినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను. తల్లిదండ్రులు కూడ దీనిని చదువవలెనని నా కోరిక. చదువరాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించినను సరియే.

మొదట ఆ "మందు" అను మాటను గూర్చి ఒక్కమాట. తెలుగులో ఈ పదము మిక్కిలి యుదారమైనది. రోగమును కుదుర్చునదియు మందే. పురుగును చంపునదియు మందే. తుపాకిలో కూరునదియు మందే. ఈ యుదారత మన యిండ్లకు మేలు చేయలేదు. పొలములో చల్లునది విషము. దానిని విషమని పిలిచినచో, దగ్గుమందు సీసా ప్రక్కన దానిని పెట్టుటకు ఎవరికిని చేయి రాదు.

ఈ విషములలో పెక్కుజాతులు కలవు. అందు మనుష్యుల ప్రాణములను ఎక్కువగా తీసినవి భాస్వరముతో కూడిన సేంద్రియ సమ్మేళనములు. వీని చరిత్ర జర్మనీలో మొదలైనది. గెర్హార్డ్ ష్రాడర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పురుగులను చంపు క్రొత్త పదార్థములకై భాస్వర సమ్మేళనములను ఒక్కొక్కటిగా తయారుచేసి చూచుచుండెను. 1936 డిసెంబరులో అతడు తయారుచేసిన టాబున్ అనునది పురుగులకే గాక మనుష్యులకును మహామారియని తేలెను. అది సైన్యమువారి చేతికి పోయెను. 1944లో అతడే పారాథియాన్ అను పురుగుమందును కనుగొనెను. యుద్ధానంతరము అది దేశదేశములకు వ్యాపించెను. మన పెద్దలు "ఫాలిడాల్" అని చెప్పుకొనునది ఇదియే. పంటను కాపాడిన పేరును, ఊరిలో ఎవరో దానిని త్రాగి మరణించిరన్న అపకీర్తియు దానికి జంటగానే వచ్చినవి.

త్రాగినవారి మాట అటుంచుడు. ఏమియు ఎఱుగక తిన్నవారి గతి యేమి? 1958లో ఓడలో గోధుమపిండి బస్తాలతో పాటు వచ్చిన పారాథియాన్ కారి పిండిలో కలియగా, కేరళలో దానిని తినిన నూఱుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాతనే విచారణ జరిగి, కాలక్రమమున 1968 నాటి పురుగుమందుల చట్టము వచ్చెను. చట్టము వచ్చిన నలుబదియైదేండ్లకు, 2013 జులై 16వ తేదీన, బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామమున బడిపిల్లలు మధ్యాహ్న భోజనము చేసిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను భాస్వరజాతి విషము కలిసియుండెను. ఇరువదిముగ్గురు పిల్లలు మరణించిరి. కూర రుచి చెడినదని పిల్లలు ముందే చెప్పిరట. ఈ వాక్యము వ్రాయుటకు నాకు చాల సేపు పట్టినది.

ఈ విషము శరీరములో ఏమి చేయునో తెలిసినగాని, దానిని మట్టిలోని జీవులు ఎట్లు విఱుచునో తెలియదు. కావున కొంచెము ఓపికతో వినుడు.

మన చేయి కదలవలెనన్నచో మెదడునుండి బయలుదేరిన వార్త నరము చివఱకు వచ్చి, అచ్చట ఎసిటైల్ కోలిన్ అను పదార్థమును విడుదల చేయును. అది నరమునకును కండరమునకును నడుమనున్న సన్నని సందును దాటి కండరమును తాకును, కండరము ముడుచుకొనును. పని ముగిసిన వెంటనే ఆ పదార్థము తొలగిపోవలెను. తలుపు తట్టినవాడు ఒకసారి తట్టి ఊరకుండవలెను గాని, తట్టుచునే యుండరాదు గదా! ఈ తొలగించు పనికి ఒక ఎంజైము కలదు. ఎంజైమనగా జీవకణములు తయారుచేసికొను ఒక ప్రోటీను. తాను ఖర్చు గాకయే ఏదో యొక నిర్ణీతమైన రసాయనక్రియను మహావేగముగా జరిపించును. అన్నపుముద్దను ఎక్కువసేపు నమలినచో తియ్యనగుట మీరు చూచినదే. అది లాలాజలములోని ఎంజైము పని. నరముల వద్దనున్న ఎంజైము పేరు ఎసిటైల్ కోలిన్ ఎస్టరేజ్. దీని యణువు ఒక్కొక్కటి సెకనుకు వేలకొలది ఎసిటైల్ కోలిన్ అణువులను రెండుగా కత్తిరించును. కావున దీనిని ఒక కత్తెర యనుకొనుడు.

భాస్వరజాతి విషము వచ్చి ఈ కత్తెర నోటిలో పడును. కత్తెర దానిని కూడ కత్తిరింప బోవును. విషపుటణువులో ఒక భాగము తెగి ఊడిపోవును. కాని భాస్వరమున్న భాగము కత్తెర అలుగులకే అంటుకొని యుండిపోవును. బంక పట్టిన కత్తెర మఱి తెఱచుకొనదు. అప్పుడు ఎసిటైల్ కోలిన్ పేరుకొనును. నోట చొంగ కారును, కన్నీరు కారును, కంటిపాపలు సూదిమొనలంతగా కుంచించుకొనును, కండరములు అదురును, తుదకు ఊపిరి తీయు కండరములు పనిచేయవు. ఇంకొక వింత వినుడు. పారాథియాన్ ఉన్నదున్నట్లు ఈ కత్తెరను అంతగా బాధింపదు. మన కాలేయము దానిలోని గంధకమును తీసి ఆక్సిజనును పెట్టి పారాక్సాన్ అను పదార్థముగా మార్చును, చంపునది అది. ఇంటివాడే దొంగకు కత్తి నూరి యిచ్చినట్లు!

ఇక పొలమునకు వత్తము.

ఫిలిప్పీను దేశమున లాస్ బాన్యోస్ అను చోట 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్థాపింపబడెను. అచ్చటి వరిమళ్ళలో సుడిదోమను చంపుటకు డయాజినాన్ అను భాస్వరజాతి మందును నీటిలో వేయుచుండిరి. మొదట అది చక్కగా పనిచేసెను. కొంతకాలమునకు, మరల మరల వేసిన మళ్ళలో దాని ప్రభావము తగ్గుచు వచ్చెను. దోమ మందునకు అలవాటు పడినదేమో యని తోచుట సహజము. కాని నీటిని పరీక్షింపగా వేఱొక సంగతి బయటపడెను. వేసిన మందు కొద్ది దినములకే నీటిలో కనబడకుండ పోవుచుండెను! ఎన్నడును మందు వేయని మళ్ళలో అది చాలకాలము నిలిచెను. పలుమాఱులు వేసిన మళ్ళలో త్వరగా నశించెను. మట్టిని వేడిచేసి అందలి జీవులను చంపినచో ఆ నశించు వేగము తగ్గిపోవుచుండెను. దీని యర్థమేమి? మళ్ళలో ఎవరో దానిని తినుచున్నారు. తిండి దొరకుచున్నకొలది వారి సంతతి పెరుగుచున్నది.

రైతునకు ఇది నష్టము. శాస్త్రజ్ఞునకు ఇది నిధి. ఆ సంస్థలో పనిచేయుచుండిన భారతీయ శాస్త్రజ్ఞుడు ఎన్. సేతునాథన్, టి. యోషిదా అను జపాను శాస్త్రజ్ఞునితో కూడి, ఆ మడినీటినుండి ఒక బాక్టీరియమును వేఱుచేసి 1973లో లోకమునకు తెలిపెను. డయాజినాన్ తప్ప మఱియొక కర్బన పదార్థము పెట్టకున్నను అది బ్రతికి పెరిగెను. అనగా విషమే దానికి అన్నము. ఫ్లావోబాక్టీరియం అను జాతిలోనిదని దానికి ఆనాడు పేరుపెట్టిరి. తరువాతివారు దానిని స్ఫింగోబియం అను జాతిలో చేర్చిరి. బడిలో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు గల పిల్లలకు ఇందులో వింత తోపదు.

సేతునాథన్ తరువాత కటకమునకు వచ్చెను. బరంపురమున రైలెక్కినవారు కొన్ని గంటలలో చేరగల ఆ నగరమున, విద్యాధరపురము వద్ద, కేంద్ర వరి పరిశోధన సంస్థ కలదు. దానిని జాతీయ వరి పరిశోధన సంస్థ యనియు పిలిచిరి. 1943 నాటి బెంగాలు కఱవు తరువాత, వరిని గూర్చిన విజ్ఞానము దేశమునకు అన్నమంత అవసరమని గ్రహించి, 1946లో దానిని స్థాపించిరి. అచ్చట సేతునాథన్, సిద్దరామప్ప, రాజారామ్ అను సహచరులతో కలిసి, నీరు నిలిపిన ఒండుమట్టిలో పారాథియాన్ కలిపి, దానిలో ఏమేమి పెరుగునో చూచెను. రెండు బాక్టీరియాలు దొరికినవి. ఈ రెంటి కథ నాకు చాల ఇష్టము. అది తెలియుటకు ముందు పారాథియాన్ ఎట్లు విఱుగునో చెప్పవలెను.

పారాథియాన్ అణువు నడుమ భాస్వర పరమాణువు ఉండును. దానికి ఒక ప్రక్క గంధకము. మఱి మూడు ప్రక్కల మూడు ఆక్సిజన్ వంతెనలు. అందు రెండు వంతెనలకు చిన్న ఇథైల్ గుంపులు, మూడవదానికి నైట్రోఫినాల్ అను పెద్ద గుంపు తగులుకొని యుండును. ఈ మూడవ వంతెనయే అణువునకు ప్రాణము. దానిని నీటితో తెంపినచో విషము రెండు ముక్కలగును. ఇట్లు నీటి యణువును చొప్పించి విఱుచుటను జలవిశ్లేషణమందురు. విఱిగిన పిమ్మట భాస్వరపు ముక్కకు మన నరముల కత్తెరను పట్టుకొను శక్తి ఉండదు. విషతీవ్రత నూఱు రెట్లకు పైగా తగ్గునని అంచనా వేసిరి. ఒక్క బంధము తెగుటచేత ఇంత భేదము!

రెండవ ముక్కయగు పారా నైట్రోఫినాల్ పసుపువన్నెది. క్షారగుణముగల నీటిలో ఆ పసుపు మఱింత ప్రకాశించును. ప్రయోగశాలలో బాక్టీరియాలను పళ్ళెములలో పెంచి, మిథైల్ పారాథియాన్ చేర్చి చూచుదురు. ఏ మచ్చచుట్టు పసుపుపచ్చని వలయము ఏర్పడునో, ఆ మచ్చలోని జీవి విషమును విఱుచుచున్నదని తెలియును. కోట్లకొలది జీవులలో పనికివచ్చినదానిని కంటితోనే గుర్తించు ఉపాయమిది.

అయితే ఆ పసుపుపచ్చని పదార్థము కూడ మంచిది కాదు. పారాథియానంతటి విషము కాకున్నను, నీటిలో నిలువనీయదగినది కాదు. ఫిలిప్పీనులో దొరికిన బాక్టీరియము పారాథియానును ఇంతవఱకే విఱిచి ఊరకుండెను. కటకములోని రెండు జీవులలో ఒకటి బాసిల్లస్ జాతిది. అది పసుపుముక్కను మాత్రమే విఱిచి దానినుండి నైట్రైటును విడుదల చేయగలదు. చెక్కుచెదరని పారాథియానునుండి నైట్రైటును తీయలేదు. రెండవది సూడోమోనాస్ జాతిది; పారాథియానును తానే విఱిచి, ఆపై పసుపుముక్కను గూడ విఱిచెను. పారాథియాను విఱుగుట నైట్రోఫినాల్ వద్ద ఆగిపోక నైట్రైటు వఱకు సాగునని దీనిచే స్థిరపడెను. మట్టిలో ఈ విధముగా ఒకరి యెంగిలి మఱియొకరికి అన్నమగుచు పని సాగును. ఒక్క జీవిని పట్టుకొని, ఇదియే సర్వము శుద్ధిచేయునని ప్రకటించువారిని నేను నమ్మను.

ఇంతకును ఆ బాక్టీరియముల చేతిలోని కత్తెర ఏది? అదియు ఎంజైమే. దానికి ఫాస్ఫోట్రైఎస్టరేజ్ అని పేరు. 1990-2000 నడుమ అమెరికాలో హేజెల్ హోల్డెన్, ఫ్రాంక్ రాషెల్ మొదలగువారు ఎక్సురే కిరణములతో దీని రూపమును నిర్ణయించిరి. ఎనిమిది పలకలను గుండ్రముగా కూర్చిన పీపావలె దీని కట్టడముండును. పీపా నోటివద్ద రెండు జింకు పరమాణువులు ప్రక్కప్రక్కన కూర్చుండును. ఈ రెంటి నడుమ నీటినుండి పుట్టిన ఒక హైడ్రాక్సైడు నిలిచియుండును. విషపుటణువు పీపా నోట ప్రవేశింపగానే ఆ హైడ్రాక్సైడు నేరుగా భాస్వరముపై దుమికి, మూడవ వంతెనను తెంపివేయును. పారాక్సాన్ అణువులనైనచో సెకనుకు రెండువేల వఱకు ఇట్లు విఱుచును.

ఇప్పుడు రెండు కత్తెరలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. రెండును అదే భాస్వరమును పట్టుకొనును. రెండును అదే వంతెనను తెంపును. మన కత్తెర తన అలుగుతోనే భాస్వరమును తాకును గావున, అది అలుగునకే అంటుకొని పోవును. బాక్టీరియపు కత్తెర నడుమ నీటిని పెట్టి, నీటిచేత కొట్టించును, తనకేమియు అంటనీయదు. చావునకును బ్రతుకునకును ఉన్న భేదమంతయు ఇంతే.

ఈ ఎంజైమును తయారుచేయు జన్యువును 'ఒ.పి.డి.' యను పొడియక్షరములతో పిలుతురు. ఫిలిప్పీను బాక్టీరియమునందును, అమెరికాలో దొరికిన వేఱొక జాతి సూడోమోనాస్ నందును ఈ జన్యువును పరీక్షించినవారు 1980-90 నడుమ ఆశ్చర్యపడిరి. రెండు జీవులు వేఱు, రెండు ఖండములు వేఱు. జన్యువు మాత్రము ఒక్కటే! రెండింటిలోను అది ముఖ్య వర్ణదేహముమీద లేదు. ప్లాస్మిడ్ అను చిన్న వలయముమీద నున్నది. ప్లాస్మిడును బాక్టీరియాలు ఒకదానికొకటి ఇచ్చి పుచ్చుకొనగలవు. పొరుగింటినుండి తోడు అడిగి తెచ్చుకొని పాలు తోడువేయు ఇల్లాండ్రను తలచుకొనుడు. ఒక యింటి తోడు వీథియంతయు తిరుగును.

ఈ విషయమున మన తెలుగునేలకు నిజమైన భాగము కలదు. అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున దయానంద సిద్దవట్టం మొదలగు పరిశోధకులు, ఆ జిల్లా పొలముల మట్టినుండియే ఇట్టి బాక్టీరియమును వేఱుచేసి, దాని శక్తి ప్లాస్మిడుపై నున్నదని 1995లో ప్రకటించిరి. 2003లో వారును సహచరులును, ఫిలిప్పీను బాక్టీరియపు ప్లాస్మిడునందు ఈ జన్యువునకు ఇరుప్రక్కల, చోటునుండి చోటునకు దూకు జన్యుభాగముల గుర్తులు కలవని చూపిరి. ఖండాంతరములకు ఒకే జన్యువు ఎట్లు ప్రయాణము చేసెనో ఇందువలన కొంత బోధపడినది. వేరుసెనగ పండు ఎఱ్ఱనేలల జిల్లానుండి ఇది తెలియవచ్చెనని మీకు చెప్పుటలో నాకు సంతోషము కలదు, దానిని దాచను.

ఇచ్చట తెలివిగల విద్యార్థి యొకడు అడ్డుతగులవలెను. పారాథియాన్ 1944లో పుట్టినది. అంతకుముందు సృష్టిలో అది లేదు. 1973 నాటికే దానిని విఱుచు ఎంజైము బాక్టీరియములో సిద్ధముగా నున్నది. ముప్పది సంవత్సరములలో ఇంత చక్కని కత్తెర యెట్లు తయారయ్యెను? 2006లో ఇజ్రాయేలులోని వైజ్మన్ సంస్థకు చెందిన డాన్ టాఫిక్, అతని సహచరులు దీనికొక సమాధానము సూచించిరి. బాక్టీరియాలు తమలో తాము సంకేతములు పంపుకొనుటకు లాక్టోన్ అను జాతి పదార్థములను వాడుకొనును. ఆ సంకేతములను విఱుచు ఎంజైములు కొన్ని జీవులలో కలవు. అవియు పీపావంటివే, వానిలోను రెండు లోహపరమాణువులు కలవు. పరీక్షింపగా అవి భాస్వరజాతి విషమును గూడ కొద్దికొద్దిగా విఱుచుచున్నవి! అట్టి పాత ఎంజైము ఒకటి, విషము మట్టిలో పడిన తరువాత, తరతరములకు మార్పుచెంది ఈ క్రొత్తపనిలో ఆరితేరి యుండునని వారి యూహ. బాక్టీరియమునకు ఒక తరమనగా కొన్ని గంటలే గావున, ముప్పది యేండ్లు దానికి చిన్నకాలము కాదు.

దీనిని వాడుకలోనికి తెచ్చినవారిలో ఆస్ట్రేలియావారు ముందున్నారు. వారి ప్రభుత్వ పరిశోధన సంస్థలో జాన్ ఓక్‌షాట్, రాబిన్ రస్సెల్ మొదలగువారు అగ్రోబాక్టీరియం అను మట్టిజీవిలో ఇట్టి ఎంజైమునే మఱియొకదానిని కనుగొని 2002లో ప్రకటించిరి. అచ్చటివారు గొఱ్ఱెల ఒంటి పేలను, ఈగపురుగులను చంపుటకు డయాజినాన్ కలిపిన తొట్లలో గొఱ్ఱెలను ముంచుచుండిరి. మునక ముగిసిన పిదప ఆ తొట్టెడు విషజలమును ఏమిచేయుట? దానికై ఎంజైమునే వేఱుచేసి పొడిగా తయారుచేసి ల్యాండ్‌గార్డ్ అను పేరుతో విక్రయించిరి. ప్రత్తిచేలనుండి కాలువలోనికి వచ్చిన సుమారు ఎనుబదివేల లీటర్ల నీటిలో మిథైల్ పారాథియాన్ ఉండగా, ఎంజైమును కలిపి చూచిరి. పది నిమిషములలో నూటికి తొంబదివంతులు నశించెను. బ్రతికియున్న బాక్టీరియమును కాలువలో వదలుట వేఱు. దాని ఎంజైమును మాత్రమే వాడుట వేఱు. ఎంజైము పెరుగదు, పిల్లలు పెట్టదు. పనిచేసి కొంతకాలమునకు తానే చెడిపోవును. అదియే దానియందలి సుగుణము. అదియే ఖర్చుకును కారణము.

ఇంతటి కత్తెర యుండగా విషమునకు భయమేల యని తొందరపడకుడు. ఇది నీటిలో కలిసియున్న విషమునే అందుకొనగలదు. మట్టిరేణువులకు గట్టిగా పట్టుకొన్నదానిని, ఎండిన ఆకుపై నున్నదానిని అంత తేలికగా అందుకొనలేదు. భాస్వరము వంతెన ఆక్సిజనుతో గాక గంధకముతో కట్టబడియున్న మలాథియాన్ వంటివానిని ఇది సరిగా తెంపలేదు. క్లోర్‌పైరిఫాస్ విఱిగినప్పుడు వచ్చు ముక్క బాక్టీరియాలకే విషమగుటచే, దానిని తిను జీవులు మట్టిలో సులభముగా వృద్ధిపొందవు. ఎండ్రిన్, లిండేన్ వంటి క్లోరిన్ జాతి విషములకు ఈ కత్తెర అసలే పనికిరాదు. లిండేనునకు వేఱు ఎంజైములు కలవు. మన దేశమున చెఱకువేళ్ళ చుట్టునున్న మట్టినుండి 1990లో తీసిన బాక్టీరియములో అవి దొరికినవి. ఆ జీవికి స్ఫింగోబియం ఇండికం అను పేరుతో మన దేశపు గుర్తు తగిలించిరి. ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క చెవి.

మఱి మన యింటి సంగతి. డయాజినానును, మిథైల్ పారాథియానును మన ప్రభుత్వము 2018లో నిషేధించినది. మోనోక్రోటోఫాసును కూరగాయలపై చల్లరాదని 2005లోనే ఉత్తరువు చేసినది. ఐనను అంగడిలో దొరకు మందులలో భాస్వరజాతివి ఇంకను కలవు. చట్టప్రకారము ప్రతి డబ్బామీద ఒక నలుపలకల గుర్తు, నిలువుగా నిలిపిన గాలిపటమువంటిది, ముద్రింపబడి యుండును. దాని క్రింది సగమున ఒక రంగు ఉండును. ఎఱుపైనచో అత్యంత విషము, పసుపైనచో దాని తరువాతిది, నీలమైనచో మధ్యరకము, ఆకుపచ్చయైనచో వానికన్న తక్కువది. డబ్బామీది చిన్న అక్షరములు ఇంగ్లీషునందో హిందీయందో ఒడియాయందో ఉండవచ్చును. తెలుగుబడిలో చదివిన పిల్లలు, ఏ బడియందును చదువని పెద్దలు వానిని చదువలేకపోవచ్చును. రంగునకు భాష లేదు. ఈ నాలుగు రంగులు మీ యమ్మకు, నాయనకు, పొలములో కూలికి పోవు అత్తలకు, మామలకు చెప్పుడు.

విషము చర్మము గుండ కూడ లోనికి పోవునని మఱవకుడు. తడిసిన చొక్కాను వెంటనే విప్పి, సబ్బునీటితో ఒడలు కడుగుకొనవలెను. చొంగ, చెమట, కంటిపాపలు కుంచించుకొనుట కనబడినచో పసరులకొఱకు, మంత్రముకొఱకు కాలము పుచ్చక, డబ్బాను కూడ చేతపట్టుకొని ఆసుపత్రికి పోవలెను. డబ్బా చూచినగాని వైద్యునికి విషమేదో తెలియదు. ఏట్రోపిన్ అను ఔషధము అచ్చట ఉండును. సకాలమున అందినచో ప్రాణము నిలుచును.

ఈ వ్యాసమును ముగింపబోవుచుండగా ఆ బాలుడు మరల వచ్చెను. "అయితే వంకాయమీద పడిన మందును కూడా ఆ పురుగులు తినేస్తాయాండీ?" అని అడిగెను. తినవు. అవి మట్టిలోను, మడినీటిలోను ఉండునవి. వంకాయ తొక్కమీద వాని సంసారము లేదు. కాయమీది విషమును ఎండయు, గాలియు, దినములును తగ్గించును. అందుకే మందు చల్లిన పిమ్మట ఎన్ని దినములు ఆగి కోయవలెనో డబ్బాతోనున్న కాగితముపై వ్రాసియుండును. ఈ మాట చెప్పగా అతడు కొంచెముసేపు ఊరకుండి, "మేము మందు కొట్టిన మర్నాడే సంతకు కోస్తామండీ" అనెను. ఆ కాగితమును తెమ్మంటిని. అది ఒడియాలోను, ఇంగ్లీషులోను ఉన్నది. దినముల సంఖ్యను తెలుగులో వ్రాసి, అతని తండ్రికి చూపుమని ఇచ్చి పంపితిని.